నురగలోంచి పిలిచిన గొంతు

నేను పనిచేసే మురుగునీటి శుద్ధి ప్లాంటు అచ్యుతాపురంలో ఉంది. నిన్న ఆదివారం కదా, కార్మికుల హాస్టళ్లలో అందరూ బట్టలుతికారు. మా ప్లాంటుకొచ్చే ఆ సర్ఫునీళ్లలోని సబ్బును తినాల్సిన సూక్ష్మజీవులు మా కొత్త ట్యాంకులో ఇంకా సరిగా పెరగలేదు. ఈ ఉదయం ట్యాంకు అడుగు నుంచి గాలి ఊదే బ్లోయర్ వల్ల నురగ మనిషెత్తు లేచి, ట్యాంకు మీది నడకదారిని కప్పేసింది. ఆపరేటర్ అప్పలనాయుడు ఆ దారి మీదే ఉన్నాడు.

గాలి బుడగలతో నిండిన ఆ నీళ్లలో పడితే ఈత వచ్చినవాడు కూడా తేలడు. బ్లోయర్ ఆపేసి, మెట్ల దగ్గర నుంచి, "కదలకు బావా, అక్కడే కూకో" అని అరిచాను. తెల్లటి నురగ చప్పుడు లేకుండా ఊగుతోంది.

అది మెల్లగా దిగాక కనిపించాడు. రిపేరుకని రెయిలింగ్ విప్పిన చోట, అంచున కూర్చుని ఉన్నాడు. చేయి పట్టుకుని కిందికి తీసుకొచ్చాను.

టీ తాగుతూ అడిగాడు. "కూకోమని, మల్లీ రమ్మన్నావేటి బావా? ఒకడుగేసినాను. కాలికింద ఏటీ తగల్లేదని ఆగిపోనాను."

"నాను రమ్మన్లేదు."

"ట్యాంకు నడిమి నుంచి పిలిసినావు. నీ గొంతే."

నురగలో మాట దారి తప్పుతుందా? తెలిసినవాళ్లుంటే చెప్పండి. సాయంత్రం ఎలా ఉన్నాడోనని ఫోన్ చేస్తే, ముందు వీడియో ఆన్ చెయ్యమన్నాడు.