పిలవకుండా వచ్చే గొంతు

మా నాయిన రామంతాపూర్ టీవీ కేంద్రంలో వ్యవసాయ కార్యక్రమాలకు గొంతు ఇచ్చేవాడు. తెర మీద ఎన్నడూ కనబడలేదు. తెగులు సోకిన వరి పొలాలు చూపిస్తుంటే వెనక ఆయన మాట వినబడేది, అంతే. పేరు కూడా వేసేవాళ్ళు కాదు. ఆయన పోయాక కూడా ఆ గొంతు మా తార్నాక ఇంటికి వస్తూనే ఉండేది.

ఏదైనా ప్రత్యక్ష ప్రసారం ఆలస్యమైతే ఆ ఖాళీలో ప్రభుత్వ ఛానల్ వాళ్ళు పాత టేపులు వేసేవాళ్ళు. ఎప్పుడు వేస్తారో బహుశా వాళ్ళకే తెలియదు. మాట మొదలుపెట్టే ముందు నాయిన ముక్కుతో చిన్నగా గాలి పీల్చుకునే అలవాటు టేపులో అలాగే ఉండిపోయింది. అమ్మ వంటింట్లో పోపు వేస్తూ కూడా ఆ చప్పుడు పట్టేసేది. స్టవ్ కట్టేసి వచ్చి కూర్చునేది.

"మీ నాయిన వచ్చిండు, జర లొల్లి చెయ్యకు," అనేది నాతో.

నాకు భయమేసేది. చదువుకున్నదాన్ని, నలుగురికి పాఠాలు చెప్పేదాన్ని, అయినా ఆ గొంతు వినబడగానే గుమ్మం వైపు చూసేదాన్ని.

మెల్లగా మా అపార్ట్‌మెంట్‌లో అందరూ యాప్‌లకు మారారు. లాలాగూడ నుంచి వచ్చే కేబులతను ఒకరోజు వైరు చుట్టుకుంటూ, "మీ ఒక్క ఇంటి కోసం ఎట్ల నడపాలె మేడం? గిట్టుబాటైతలేదు," అని వెళ్ళిపోయాడు. స్మార్ట్ టీవీ కొన్నాం. వేయగానే సినిమాలు, కొట్లాటలు. ప్రభుత్వ ఛానల్ ఎక్కడో అట్టడుగున ఉంటుంది, పనిగట్టుకుని వెతికితే తప్ప దొరకదు. అమ్మ రిమోట్ పట్టుకుని కూర్చుని, "ఏడున్నడే?" అని నన్నడిగేది. ఛానల్ ఏదని ఒక్కసారీ అడగలేదు.

విచిత్రం ఏమిటంటే యూనివర్సిటీలో నేను చెప్పే పాఠం ఇదే. కేబుల్ వాళ్ళు ప్రభుత్వ ఛానళ్ళను తప్పకుండా ఇవ్వాలని చట్టం ఉంది. యాప్‌లకూ స్మార్ట్ టీవీలకూ అలాంటి నిర్బంధం లేదు. పెట్టాలా వద్దా అని వాదనలు మాత్రం నడుస్తున్నాయి. ఆ మాటే క్లాసులో చెబుతుంటే ఒక అమ్మాయి లేచింది.

"ఎవరూ చూడని ఛానల్‌ని ముందు వరసల ఎందుకు పెట్టాలె మేడం? కావాల్నంటే సెర్చ్ చేసుకుంటరు కద!"

ప్రజాప్రయోజనం అంటూ పుస్తకంలో ఉన్న జవాబే చెప్పాను. ఆ పిల్లకు నచ్చలేదు. క్యాంపస్ దాటి ఇంటికి నడుస్తుంటే నాకూ నచ్చలేదు. నిజమే, వెతుక్కుంటే పోలా అనిపించింది.

ఆ సాయంత్రం వెతికాను. ఛానల్ వాళ్ళు పాత కార్యక్రమాలు కొన్ని ఆన్‌లైన్‌లో పెట్టారు. వాటిలో నాయిన దొరికాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ నా క్లాసులో మాట ఇవాళ నా ఇంటికే పనికొచ్చిందని పొంగిపోయి, అమ్మను పిలిచి కూర్చోబెట్టి బటన్ నొక్కాను. ముందు గాలి పీల్చుకున్న చప్పుడు, తర్వాత వరి నారు గురించి నాయిన మాట.

అమ్మ కదలకుండా విన్నది. అయిపోయాక మళ్ళీ వేయమంది. వేశాను. అదే మాట, అదే చోట అదే చిన్న తడబాటు.

"ఇంకోసారి ఒత్తితే ఇంకోసారి చెప్తడా?"

"ఎన్నిసార్లంటే అన్నిసార్లు చెప్తడమ్మా. నువ్వు ఎప్పుడంటే అప్పుడే."

"బతికున్నప్పుడు పిలిస్తే ఎన్నడన్న పలికిండా ఆయన?" అమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఆయనంతట ఆయనొస్తుంటే ఏడనో ఉన్నడనుకున్న. డ్యూటీకి పోయి వస్తున్నడనుకున్న. గిట్ల ఒత్తితే మాట్లాడుతుండంటే... సచ్చిపోయిండు బిడ్డా మీ నాయిన."

నాయిన పోయి అప్పటికే ఏళ్ళయింది. అమ్మ ఆ సాయంత్రం ఏడ్చింది.