లొరేన్ ముందు సీటు

లొరేన్ ఒకచోట కూర్చునే మనిషి కాదు. తొమ్మిదేళ్ళప్పుడు అన్న మోటార్ సైకిలు ఎత్తుకుపోయి మొక్కజొన్న చేలో పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన రోజే మళ్ళీ ఎక్కింది. మెర్ల్‌ని పెళ్ళి చేసుకున్నది అతనికి బండి ఉందనేనని అయోవాలోని ఆ చిన్న ఊళ్ళో అందరూ అనేవారు. ఆమె కాదనలేదు.

ఏటా జూన్‌లో సంత మైదానంలో బైకుల రోడియో, అంటే బండి విన్యాసాల పందేలు, జరిగేవి. అందులో సాసేజ్ పందెం వాళ్ళిద్దరిదీ. తాడుకి వేలాడే సాసేజ్‌కి, అంటే మాంసం కూరిన గొట్టానికి, ఆవముద్ద పూసి ఉంచుతారు. కింద నుంచి బండి పోతుంటే వెనక కూర్చున్న వాళ్ళు దాన్ని కొరకాలి. పెద్ద ముక్క ఎవరు కొరికితే వాళ్ళదే గెలుపు. పద్దెనిమిదేళ్ళు మెర్ల్ నడిపాడు, లొరేన్ కొరికింది. చప్పట్లన్నీ నడిపిన వాడికే.

ఎనభై ఎనిమిది మార్చిలో మెర్ల్ మోకాలికి ఆపరేషన్ అయింది. ఏడాదిపాటు బండి నడపొద్దన్నాడు డాక్టరు. మెర్ల్ వరండాలో కుర్చీకి అతుక్కుపోయాడు. ధాన్యం గోదాములో తూకం పని ముగించుకొచ్చి లొరేన్ కాలుగాలిన పిల్లిలా తిరిగేది. శుభ్రంగా ఉన్న బండి గొలుసునే మళ్ళీ తుడిచేది.

మే నెలలో ఒక సాయంత్రం అంది, "నేను ముందు కూర్చుంటా. నువ్వు వెనకెక్కు."

"నేనా? సాసేజ్ కొరకడానికా?"

"తిండి దగ్గర నీకు మొహమాటం ఎప్పుడుందిలే."

చర్చి పక్కనున్న ఖాళీ స్థలంలో సాధన మొదలైంది. వెనక అంత మనిషి కూర్చునేసరికి బండి ఆమె చేతుల్లో పందిలా గింజుకునేది. రెండుసార్లు పడేసింది. "క్లచ్ మెల్లగా వదులు. ఎందుకంత తొందర నీకు?" అని మెర్ల్ గొణిగేవాడు. ఆ తొందర ఎందుకో ఆమెకీ తెలీదు.

పందెం రోజున మైకు పట్టుకున్న డ్యుయేన్ అన్నాడు, "ఏంటి మెర్ల్, ఈ ఏడు వెనక సీట్లో రాణీగారిలా కూర్చున్నావు?"

"ముందు రాజుగారున్నార్లే, నువ్వు నీ పని చూసుకో," అంది లొరేన్.

బండి తిన్నగానే పోయింది. మెర్ల్ మాత్రం కళ్ళు మూసుకున్నాడు. సాసేజ్ నుదుటికి తగిలింది, కళ్ళద్దాల నిండా ఆవముద్ద. మైదానమంతా నవ్వింది. అద్దాలు తుడుచుకుంటూ మెర్ల్ అన్నాడు, "పద్దెనిమిదేళ్ళు ఇదెలా చేశావే నువ్వు?"

ఆమె నవ్వలేదు. "దిగు," అంది. నెమ్మది పందేనికి పిలుస్తున్నారు. అందరికంటే ఆఖరున గీత దాటినవాళ్ళది గెలుపు, కాలు కింద పెడితే ఓటమి.

ఆరుగురు బయల్దేరారు. నలుగురు ఒక్కొక్కరే కాళ్ళు పెట్టేశారు. లొరేన్ కాక మిగిలినవాడు డెబ్బై ఏళ్ళ ఆర్విల్. ఆమెకి గీత ఒక గజం దూరంలో ఉంది. వెనక బ్రేకు మీద పాదం, సగం నొక్కిన క్లచ్ మీద వేళ్ళు, ఒళ్ళంతా ముందుకు లాగుతోంది. ముసలాయన బండి పక్కకి ఊగింది. ఇంకొక్క ఊపిరి ఆగితే చాలు. ఆమె చెయ్యి ఆగలేదు. బండి దూకి గీత దాటేసింది.

ఆర్విల్ దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు, "ఇంకొక్క క్షణం ఉంటే నేనే కాలు పెట్టేవాణ్ణమ్మాయ్."

ఆ మాట ఏడాదంతా ఆమెను నిద్రపోనివ్వలేదు. గోదాము నుంచి ఇంటికి మైలున్నర దూరం. పొరుగు రైతులు చెయ్యూపి దాటిపోతుంటే, అంగుళమంగుళం బండి జరుపుకుంటూ వచ్చేది. శీతాకాలంలో మంచు కురిస్తే షెడ్డులోనే, కాళ్ళు పైకెత్తి, నిలిచిన బండి మీద నిలదొక్కుకునేది. మెర్ల్ తలుపు దగ్గర కర్రకానుకుని, "అన్నం చల్లారిపోతోంది," అనేవాడు.

మరుసటి జూన్‌లో ఆమెకి మూడో స్థానం వచ్చింది. ఆ పై ఏడు గెలిచింది. గెలిచిన సాయంత్రం కప్పు మెర్ల్ చేతికిచ్చి, హెల్మెట్ తియ్యకుండానే, తర్వాతి పందెం ఎప్పుడని డ్యుయేన్‌ని అడిగింది.

మోకాలు నయమయ్యాక మెర్ల్ తన సీటు తనకిమ్మన్నాడు. ఆమె ఇవ్వలేదు. అతను పాతబండి ఒకటి తెచ్చుకున్నాడు. ఆమెకి అరవై రెండేళ్ళు వచ్చేదాకా ఇద్దరూ పక్కపక్కనే వెళ్ళేవారు. మలుపు వచ్చినప్పుడల్లా ఆమే ముందుండేది.