ఏరు తన్నింది

ఆ మాట నేను మొదటి రోజే విన్నాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు, నాకు సర్వే పని చూపించిన ఇంజనీరు సార్‌కూ చెప్పలేదు. వాగు ఒడ్డు ఇళ్లవాళ్లు మొదట చెప్పలేదని, తర్వాత చెప్పారని సార్ అనుకుంటారు. కాని ఆ మొదటి రోజు నా డైరీలో ఆ మాట ఉంది. చుట్టూ గీత కూడా గీసి ఉంది.

మాది చండ్రుగొండ దగ్గర ఊరు. డిగ్రీ అయ్యాక ఖమ్మంలో గది కిరాయికి తీసుకుని పరీక్షలకు చదువుకుంటూ ఆ సర్వేలో చేరాను. పట్నం చుట్టూ ఉన్న చిన్న వాగుల వల్ల ఏ ఇళ్లకు వరద ప్రమాదమో తేల్చడం మా పని. వాగు వెంట నడవాలి, ప్రతి ఇంటి తలుపూ కొట్టాలి, ఫోనులో ఫారం నింపాలి. నడవడం నాకిష్టం. తలుపు కొట్టడమే కష్టం. గడప ముందు నిలబడి గొంతు సవరించుకునేదాన్ని. అది విని లోపలివాళ్లే బయటికొస్తే బతికిపోయాననిపించేది.

ఫారంలో అసలు ప్రశ్న ఒకటే. వాగు పొంగి మీ ఇంట్లోకి నీళ్లు వచ్చాయా? అవును నొక్కితే ఇంకో పన్నెండు ప్రశ్నలు తెరుచుకుంటాయి. లేదు నొక్కితే పక్కింటికి పోవచ్చు.

మున్నేరులో కలిసే ఒక వాగు ఒడ్డున పదకొండు ఇళ్లున్నాయి. చాలావరకు పినపాక వైపు అడవి ఊళ్లనుంచి కూలి పనులకు వచ్చి స్థిరపడినవాళ్లవి. మొదటి పది ఇళ్లలోనూ లేదన్నారు. ఆ వాగు వానాకాలంలోనూ మోకాలి లోతు దాటదట. పదకొండో ఇంట్లో ఒక అవ్వ వాకిట్లో కూర్చుని అడ్డాకులతో విస్తళ్లు కుడుతోంది. పొరుగామె పక్కన కూర్చుని ఆకులు అందిస్తోంది. నేను ఎప్పటిలాగే ప్రశ్న చదివాను. పొరుగామెకు వినపడలేదు. మళ్లీ చదివాను. ఈ పిల్ల మాట నోట్లనే ఉంటది, బయటికి రాదు అని ఆమె నవ్వింది. నా చెవులు వేడెక్కాయి.

అవ్వ తలెత్తలేదు. చేతిలోని ఆకుకు పుల్ల గుచ్చుతూ అంది.

"వాగు పొంగుడేంది బిడ్డా, గది ఎన్నడు పొంగలే. ఏరు తన్నింది, గంతే."

నాకు నవ్వొచ్చి పైకే నవ్వేశాను, అవ్వ ఒకసారి తలెత్తి నావైపు చూసింది. మా ఇంట్లో ఒక ఆవు ఉండేది. పాలు పిండేటప్పుడు ఉన్నట్టుండి కాలు విసిరేది, చెంబు అంత దూరాన పడేది. మున్నేరు అలా కాలు విసిరినట్టు కళ్లకు కట్టింది. ఎంత బాగుంది మాట అనుకున్నాను. ఏరు తన్నడమంటే ఏమిటో అడగాలనీ అనిపించింది. అడిగితే మళ్లీ నోరు విప్పాలి, పొరుగామె మళ్లీ నవ్వుతుంది. వాగు పొంగలేదని అవ్వ చెప్పనే చెప్పింది కదా. లేదు నొక్కాను. తలుపు తీసే ఉంది. లోపలి గోడమీద నా భుజమంత ఎత్తున పసుపు పూసి ఒక బొట్టు కనిపించింది. ఏదో దేవతకు పెట్టుకున్నారనుకున్నాను.

సాయంత్రం గదికి వచ్చి డైరీలో రాసుకున్నది మాత్రం ఆ రెండు మాటలే. నాకు నచ్చిన మాటలన్నీ అలా దాచుకుంటాను. ఆ మాట నాకు దక్కింది. ఫారంలోకి ఎక్కలేదు.

శుక్రవారం సార్ మ్యాపు చూపించారు. ప్రమాదం ఉన్న ఇళ్లు ఎరుపు, లేనివి ఆకుపచ్చ. ఎరుపు ఇళ్లకు వరద ముందు ఫోను చేస్తారు, తీసుకెళ్లడానికి బండి పంపుతారు. సోమవారం పై ఆఫీసుకు జాబితా వెళ్తుంది. ఆ పదకొండూ ఆకుపచ్చగా ఉన్నాయి. సార్‌ది మధిర వైపు, నెమ్మదిగా మాట్లాడతారు. వాగు కలిసేచోట వేలు పెట్టి, పెద్ద ఏరు నిండుగా ఉంటే ఒక్కోసారి వాగు నీళ్లకు పోయే దారి ఉండదని, ఏటి నీళ్లే వాగులోకి వెనక్కి ఎక్కుతాయని చెప్పారు. వాగు మీద చినుకు పడకపోయినా ఇళ్లు మునుగుతాయట.

"ఇక్కడ అలాంటిదేమీ ఎవరూ చెప్పలేదు కదమ్మా?"

తల అడ్డంగా ఊపాను. ఊపుతుండగానే అర్థమైంది, ఏరు తన్నడమంటే అదేనని.

ఆ సాయంత్రమే వాన మొదలైంది. శనివారమంతా పుస్తకం తెరిచి పెట్టుకుని ఒకే పేజీ చదివాను. కిటికీ దగ్గరికి పోవడం, రావడం. కింద బండ్లు మామూలుగానే పోతున్నాయి. ఫోను తీసి సార్ నంబరు మీద వేలు పెట్టి తీసేశాను. చెప్పాలంటే, వినీ రాయలేదని చెప్పాలి. ఎందుకు రాయలేదంటే సిగ్గుపడి అని చెప్పాలి. అది చెప్పడానికి కూడా సిగ్గే. అన్నం వండుకున్నాను, తినలేదు. ఆకుపచ్చ రంగు ఇళ్లకు ఎవరూ ఫోను చేయరు. ఆ అవ్వ మోకాళ్లు పట్టుకుని లేవడం నేను చూశాను.

ఆదివారం వాన తెరిపిస్తే టేపు పట్టుకుని ఒక్కదాన్నే వెళ్లాను. ఈసారి గొంతు సవరించుకోలేదు. ఫారం తెరవలేదు. మొదటి గడప దగ్గరే, ఏరు తన్నినప్పుడు ఇంట్లోకి ఎంత నీళ్లొచ్చాయి అని అడిగాను. ఆ ఇంటామె చేతిలో చీపురు పక్కన పెట్టేసింది. గట్లడుగు మరి, మొన్న వాగు వాగు అంటివి అంది. తర్వాత నేను అడగాల్సిన పని లేకపోయింది. ఒకరి వెనక ఒకరు లాక్కెళ్లి చూపించారు. ఉబ్బి పగిలిన తలుపు చెక్క, అటకెక్కించిన బియ్యం డబ్బా, గోడమీద మట్టి గీత. అవ్వ నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి బొట్టు మీద నా వేలు పెట్టింది. ఏరు ఇంటిదాకా వచ్చి పోయిందని, అది ఎక్కినంత ఎత్తున తనే పెట్టుకుందట. టేపు పెట్టి కొలిచాను.

సోమవారం పొద్దున్నే సార్ ముందు కొలతలు పెట్టాను. మ్యాపు మార్చారు. పదకొండూ ఎరుపయ్యాయి. మరి మొన్న వాళ్లు లేదని ఎందుకన్నారమ్మా అని అడిగారు. అప్పుడైనా చెప్పొచ్చు.

"వాళ్లకు ప్రశ్న అర్థం కాలేదు సార్" అన్నాను.

ఆయన తలూపి రిపోర్టులో ఆ వాక్యమే రాశారు. స్థానికులకు ప్రశ్న సరిగా అర్థం కాలేదు. నా ఎదుటే రాశారు. చూస్తూ కూర్చున్నాను.

హెచ్చరిక చేయడానికి ఫోను నంబర్లు తీసుకురమ్మని మధ్యాహ్నమే నన్ను పంపారు. పది ఇళ్లలో రాసుకుని అవ్వ దగ్గరికి వచ్చాను. ఆమెకు ఫోను లేదు, పొరుగామె నంబరు ఇచ్చింది. ఇక ఏరు తన్నే ముందు ఫోను వస్తుందని, బండి కూడా వస్తుందని చెప్పాను. మంచిదంది. అక్కడితో లేచి రావాల్సింది. లోపల తొలుస్తుంటే ఉండబట్టలేక, మొన్న మీకు నా ప్రశ్న సరిగా అర్థం కాలేదేమో అవ్వా అన్నాను, రిపోర్టులో వాక్యాన్ని ఆమెతో కూడా ఒప్పించుకోవాలన్నట్టు.

అవ్వ కుట్టిన విస్తరిని వెలుతురుకు పట్టి చూసింది. దాన్ని దొంతిమీద పెట్టి నావైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు.

"నాకు సమజైంది బిడ్డా. నీకు గూడ గప్పుడే సమజైంది, నవ్వినవ్ గద."