ఆగినవి తొమ్మిది

వీధిలో ఆయన్ని అందరూ నత్తల మాస్టారంటారు. మాస్టారన్నారు కదా అని ఏ బళ్ళోనో పాఠాలు చెప్పాడనుకుంటే పొరపాటే. ముప్పయ్యేళ్ళు గడియారాలు బాగుచేశాడు. మేడ మెట్ల కింద కొట్టు. ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి బయట నిలబడి మాట్లాడాల్సిందే. కొట్టు మేనమామది. ఈయన్ని పదకొండో ఏట తీసుకొచ్చి అక్కడి బల్ల ముందు కూర్చోబెట్టాడు. మొదటి ఏడాది ఒక్క గడియారమూ విప్పనివ్వలేదు. పళ్ళెంలో చిన్న చిన్న మరలు పోసి, సన్న శ్రావణంతో ఒక్కొక్కటీ ఎత్తి ఇంకో పళ్ళెంలో పెట్టమనేవాడు. ఊపిరి తగిలి ఒక్క మర దొర్లినా మళ్ళీ మొదటికి.

ఆ కొట్లో రెండే మాటలు చెల్లేవి. ఒకటి "ఆగింది", రెండోది "పోయింది". ఎవరైనా వచ్చి "మావారి గడియారం పోయిందండీ" అంటే మేనమామకి ఒళ్ళు మండేది. "పోతే పోలీసులకి చెప్పుకోవాలి గానీ నా దగ్గరికెందుకమ్మా? ఇలా తే. ఇది పోలేదు, ఆగింది" అనేవాడు. ఆగినదానికి మందుంది, పోయినదానికి లేదు. మేనల్లుడికి ఆ తేడా పాలతో పాటు పట్టినంత పని అయింది. చీటీలమీద కూడా అలాగే రాసేవాడు.

తర్వాత అందరి జేబుల్లోకీ ఫోన్లొచ్చాయి. టైము చూసుకోడానికి మణికట్టు అక్కర్లేకపోయింది. కొట్టు మూసే నెలలో ఒక పెద్ద డాక్టరమ్మ వాళ్ళ నాన్న గడియారం పట్టుకొచ్చింది. రోగులకి మందిచ్చే డాక్టరు కాదు, జంతువుల మీద పెద్ద చదువు చదివిన మనిషి. ఆయన కంటికి భూతద్దం బిగించి వెంట్రుకంత తీగని ఎత్తుతుంటే కాసేపు గుడ్లప్పగించి చూసి, "ప్రాణం ఉన్నవాటిని కూడా ఇలాగే పట్టుకోగలరా?" అనడిగింది.

"ఏ ప్రాణమండీ?"

"నత్తలు."

ఇంటికొచ్చి చెబితే భార్య నవ్వలేక చచ్చింది. "మీ పని ఎలాగూ నత్తనడకేనని ఆవిడకెవరో చెప్పుంటారు" అంది.

ఆ ఉద్యోగంలో చేరి పదమూడేళ్ళయింది. జంతు పరిశోధన ఆఫీసు వెనకాల కిటికీల్లేని గది. గోడ పొడుగునా అరలు, అరల్లో ప్లాస్టిక్ పెట్టెలు, పెట్టెకో రెండో మూడో నత్తలు. పెద్దది శనగగింజంత ఉంటుంది. పుట్టినప్పుడు ఆవగింజంత. ఒక్కోదాని చిప్ప మీద నంబరు రాసిన కాగితం చుక్క అంటించడం ఆయన పని. ఓట్సు, సుద్దపొడి, ఎండిన ఆకుపొడి కలిపిన ముద్దని కుంచెతో పెట్టె గోడకి రాయడం, పాత తడికాగితం తీసి కొత్తది పరవడం కూడా ఆయన పనే. పాతదాన్ని ఊరికే పారెయ్యడానికి లేదు. ఎక్కడైనా పసికూన అంటుకుని ఉందేమోనని మడత మడతా భూతద్దంతో వెతకాలి. గదిలో గాలి ఎప్పుడూ చెమ్మగా ఉండాలి కాబట్టి పొగమంచులాంటి తుంపర చిమ్మే మిషనొకటి రాత్రింబవళ్ళు తిరుగుతుంది.

ఇంత సేవ ఎందుకంటే, ఇవి సముద్రం అవతల ఒకే ఒక్క కొండమీద ఆకుల వెనక బతికిన నత్తలు. అక్కడివాళ్ళు తినడానికని ఎక్కణ్ణించో పెద్దజాతి నత్తల్ని తెచ్చి పెంచారు. అవి దొడ్లు దాటి తోటలమీద పడ్డాయి. వాటి పని పట్టమని మూడో రకాన్ని, నత్తల్ని తినే నత్తని, తెచ్చి కొండమీద వదిలారు. అది పెద్దవాటి జోలికి పోలేదు. ఒక్క గుటకలో అయిపోతాయి కదా అని ఈ చిన్నవాటి వెంటపడింది. పదేళ్ళు తిరిగేసరికి కొండ ఖాళీ. ఆఖర్న ఎవరో ఒక అట్టపెట్టెలో పట్టినన్ని ఏరుకొచ్చారు. ఆ పెట్టె సంతానమే ఈ గదిలో ఉన్నది. మాస్టారు చేరినప్పుడు అరవై పైచిలుకు ఉండేవి, ఇప్పుడు ఇరవై ఒకటి. లోకంలో ఇంకెక్కడా లేవు.

ఆ ఎండాకాలం తుంపర మిషను చెడింది. సామాను బయటినించి రావాలన్నారు. తడిగుడ్డలు కట్టినా గాలి పొడిబారిపోయింది. నాలుగో రోజుకి తొమ్మిది నత్తలు పెట్టె మూతలకి అతుక్కుని, లోపలికి ముడుచుకుని, చిప్ప నోటికి పల్చటి పొర కట్టేసుకున్నాయి. ఒంట్లో మిగిలిన చెమ్మ దాచుకోడానికి అవి చేసే పని అది. గాలి బాగుపడకముందు లేపితే ఆ కాస్త చెమ్మా ఖర్చయిపోయి నిజంగానే చస్తాయి. మాస్టారు రోజూ రాసే పుస్తకంలో తొమ్మిది నంబర్లకీ ఎదురుగా "ఆగింది" అని రాశాడు.

మర్నాడే ఆయన కంటి ఆపరేషను. మూడు నెలలు తిరిగితే దొరికిన తారీకు. వెళ్ళేముందు మేడంతో, "ఆగినవాటిని కదపకండి మేడం, మిషను బాగయ్యాక నేనొచ్చి చూసుకుంటాను" అన్నాడు. పాత డాక్టరమ్మ రిటైరయి, ఈవిడ వచ్చి రెండు నెలలైంది. చదువంతా పక్షుల మీద. మేడం ముఖం చిన్నబోయింది. "అలాగేనండి. మీరేం బాధపడకండి" అంది. కంటి గురించి అంటోందనుకుని మాస్టారు "ఏం పరవాలేదు మేడం, పావుగంట పనిట" అన్నాడు.

ఐదో రోజు పొద్దున్న, ఆఫీసులో గదులూడ్చే ఆవిడ పని ముగించుకుని చూడ్డానికొచ్చింది. అదే వీధి, నాలుగిళ్ళ అవతల. మాస్టారు నల్లకళ్ళజోడు నుదుటిమీదికి నెట్టుకుని వాలుకుర్చీలో ఉన్నాడు. భార్య కంట్లో చుక్కలు వేస్తోంది.

"కన్నెలా ఉందన్నయ్యా?"

"కన్నుకేం, బాగానే ఉంది. మనిషినే దొంగలా ఉన్నాను. మిషను బాగయిందా?"

"నిన్న సాయంత్రం నించి తుంపర చిమ్ముతోంది. మీరు చూస్తే బాధపడతారని, మీరు లేకుండానే పాపం పోయినవాటిని ఇవాళ స్పిరిటు సీసాల్లో వేస్తారట. తొమ్మిది సీసాలు తుడిచిపెట్టి వచ్చాను."

"పోయినవేంటి? ఎవరు పోయారు?"

"మీరే పుస్తకంలో రాశారటగా?"

మాస్టారు నిటారుగా లేచాడు. చుక్క కాస్తా చెంపమీద పడింది.

"నేను ఆగిందని రాశాను!"

"మరి అదేగా అన్నయ్యా. మా ఆయనకీ ఆసుపత్రిలో అలాగే చెప్పారు, గుండె ఆగిందని."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎన్నింటికి?" అన్నాడు.

"పదకొండుకని విన్నాను."

పది దాటి ఐదు నిమిషాలైంది. మేడం ఫోను మోగి మోగి ఆగిపోయింది. నత్తల గదిలోకి వెళ్ళేముందు ఫోన్లు బయట సొరుగులో పెట్టాలన్న నియమం ఆయన పెట్టించిందే. చెప్పుల కోసం తడుముకుంటుంటే భార్య అడ్డం నిలబడింది.

"వంగొద్దన్నారు. దుమ్ము తగలొద్దన్నారు. వారం దాకా గడప దాటొద్దన్నారు."

"వంగను. నువ్వు కూడా రా, నేను వంగాల్సినచోట నువ్వు వంగుదువుగాని."

"పదమూడేళ్ళు ఆ సవతుల ముఖం చూడకుండా బతికాను" అంటూనే చీర మార్చుకోకుండా తాళం తీసుకుంది.

ఆటో దిగి వరండా దాటుతుంటేనే స్పిరిటు వాసన కొట్టింది. బల్లమీద తొమ్మిది సీసాలు, మూతలు తీసి వరసగా ఉన్నాయి. మేడం మొదటి నత్తని మూతనించి ఒలిచి గాజు పళ్ళెంలో పెట్టింది. ఒక చేతిలో నంబరు చీటీ, ఇంకో చేతిలో శ్రావణం.

"మేడం, ఆగండి!"

మేడం ఉలిక్కిపడింది. "ఈ కన్నుతో ఎందుకొచ్చారండీ?"

"కన్ను ఇంట్లో పెట్టి రమ్మంటే వినలేదమ్మా" అంది భార్య.

మాస్టారు గుమ్మంలో నిలబడే చెప్పాడు, కొట్టు సంగతి, మేనమామ సంగతి, రెండు మాటల సంగతి. మేడం శ్రావణం కింద పెట్టింది. "నేను తాకి కూడా చూశాను. ఒక్కటీ కదల్లేదు" అంది.

"తాకితే ఇంకా లోపలికి పోతాయి మేడం. నోటిమీద పొర చూడాలి. బిగువుగా ఉంటే లోపల మనిషున్నట్టే. చిరిగితే లేనట్టు."

మేడం భూతద్దం పెట్టుకుని చూసింది. "ఏది పొరో ఏది మురికో నాకు తెలియట్లేదు" అంది. మాస్టారికి ఆపరేషనైన కన్ను ఇంకా మసకే, రెండో కంట్లోనూ పొరే. ఇంకో నాలుగు నెలలకి దాని వంతు. చూడగలిగింది ఒక్క భార్యే. కొట్టు ఆఖరి రోజుల్లో ఆయన భోజనానికొస్తే బల్ల దగ్గర కూర్చున్నది ఆవిడే. భూతద్దం కంటికి బిగించడం అలవాటైన పనే.

ఆవిడ వంగింది. ఆయన వెనక నిలబడ్డాడు.

"పాలమీద మీగడ కట్టినట్టుంది."

"బిగువుగా ఉందా?"

"బిగువే. ఆ చివరినించి ఈ చివరిదాకా."

"కుడివైపు పెట్టు. రెండోది."

"ఇదీ అంతే. ఇది కాస్త పసుపుగా ఉంది."

"పరవాలేదు. మూడోది."

మూడోదాన్ని ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది. "దీనికి మూల చిరిగింది. లోపల చీకటి" అంది.

"ఎడమవైపు పెట్టు."

తొమ్మిదీ అయ్యేసరికి కుడివైపు ఏడు, ఎడమవైపు రెండు తేలాయి. ఏడింటినీ తడికాగితం పరిచిన పెట్టెలో వేసి, గోరువెచ్చని నీళ్ళు తుంపరగా చల్లారు. మేడం స్పిరిటు సీసాలకి ఒక్కొక్కదానికే మూత బిగించింది.

"పావుగంట చాలా?" అనడిగింది.

"ఎప్పుడొస్తాయో అవే చెప్పాలి మేడం."

ముగ్గురూ స్టూళ్ళమీద కూర్చున్నారు. మిషను గుర్రుమంటోంది. మేడం చేతులు ఒళ్ళో పెట్టుకుని, "పన్నెండే మిగిలాయని మొన్ననే పైకి ఉత్తరం రాశాను. అన్ని దేశాలకీ వెళ్ళుంటుంది ఈపాటికి" అంది.

"ఇంకోటి రాయండి."

"ఏమని రాయను? మా ఆఫీసులో ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదనా?"

"జరిగింది అదే కదా మేడం. అందులో నా తప్పూ ఉంది. పదమూడేళ్ళు నేనొక్కణ్ణే రాసి, ఆ పుస్తకం నా ఒక్కడిదే అనుకున్నాను."

మేడం పుస్తకం తెచ్చి పాత పేజీలు తిరగేసింది. పదమూడేళ్ళలో ఇంకో నాలుగుచోట్ల "ఆగింది" అని ఉంది. ఆ నాలుగు నంబర్లూ తర్వాత నెలల్లో ముద్ద తిన్నట్టు రాసి ఉంది. "ఇది ముందే చూడాల్సింది" అని తనలో తను అనుకుంది.

పన్నెండూ పదికి భార్య కెవ్వుమంది. పదిహేడో నంబరు చిప్ప అంచున పొర ముడతలుపడి పక్కకి జరిగింది. బూడిదరంగు ఒళ్ళు ఎంతో తీరిగ్గా బయటికొచ్చింది. ఆ తర్వాత రెండు కొమ్ములు సాగాయి. వాటి కొసల్లో ఉన్న నల్లచుక్కలే కళ్ళని మాస్టారు చెప్పాడు.

"అయ్యో, నన్నే చూస్తోందండీ!"

"దానికి నువ్వు కనబడవే. వెలుగూ చీకటీ తప్ప ఇంకేం తెలీదు."

"ఇవాళ మీకూ అంతేగా" అంది ఆవిడ, భూతద్దం తియ్యకుండానే.

సాయంత్రానికి ఐదు నడిచాయి. ఆరోది మర్నాడు పొద్దున్న మూతమీద కనబడిందని ఊడ్చే ఆవిడ ఇంటికొచ్చి మరీ చెప్పింది. ఏడోది, నాలుగో నంబరు, రాలేదు. దానికి పొర బిగువుగానే ఉంది. మాస్టారు వారం గడువడిగాడు. మేడం ఇచ్చింది. పైకి రెండో ఉత్తరం కూడా వెళ్ళింది. తప్పు ఎలా జరిగిందో దాచకుండా రాసింది. అందిందని ఒక్క వాక్యం జవాబొచ్చింది. పుస్తకంలో ఇకమీద ఎవరు రాసినా మొదటి పేజీలో మాటలకి అర్థాలు ఉండాలని మేడం నియమం పెట్టింది. "ఆగింది"కి అర్థం రాయడానికి మాస్టారికి మూడు వాక్యాలు పట్టాయి.

గడువు తీరిన మర్నాడు, డాక్టరు ఒప్పుకున్నాక, ఆయన పనిలోకి వచ్చాడు. కొత్త కంటితో నాలుగో నంబరుని చూశాడు. పొర బిగువుగానే ఉంది, దాని వెనకాల మాత్రం ఏమీ లేదు. ఒళ్ళు ఎండిపోయి చిప్ప లోపలి మలుపుల్లోకి వెళ్ళిపోయింది. పొర ఉంటే మనిషున్నట్టేనని అన్నేళ్ళూ అనుకున్నది కూడా సరికాదన్నమాట. మొదటి పేజీ తీసి తను రాసిన మూడు వాక్యాలకింద నాలుగోది రాశాడు. తర్వాత ఎడమవైపు పెట్టిన రెండింటినీ, దీన్నీ తలా ఒక సీసాలో వేసి, తారీకులు రాసి, మూతలు బిగించాడు. మేడం వచ్చి సంతకం పెట్టి వెళ్ళింది. మిగిలిన పద్దెనిమిదింటికీ ముద్ద రాసే వేళ దాటిపోయింది. అవి అప్పటికే లేచి పెట్టెల గోడలమీద తిరుగుతున్నాయి. మాస్టారు కుంచె కడుక్కుని మొదటి పెట్టె మూత తీశాడు.