చలిగాలికి డ్రాయింగు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియనివన్నీ ఆ తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఇరవై నాలుగేళ్ల వయసు, ఖతార్‌లో ఏసీ పనులు చేసే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం, దోహా నగరంలో నజ్మా అనే పేటలో రెండు మంచాలు పట్టే గది, ఆ మంచాల మధ్య ఇరుక్కుని నా సొంత కంప్యూటర్. ఇంతకంటే మనిషికి ఏం కావాలి అని అందరితో అనేవాణ్ణి గానీ, నాకు ఒకటి కావాలి. డక్టులు గీసే పని నుంచి బయటపడి, కట్టబోయే భవనాలను వీడియోలుగా చూపించే త్రీడీ విభాగంలోకి వెళ్లాలి. (డక్టు అంటే ఏసీ గాలిని గదుల్లోకి తీసుకెళ్లే రేకు గొట్టం. రోజంతా అవే గీసీ గీసీ, కళ్లు మూసుకున్నా అవే మలుపులు తిరుగుతూ కనిపించేవి.)

ఆ విభాగంలో ఒక కుర్చీ ఖాళీ అయింది. మా పెద్దసారు (ఆయనదీ మా గుంటూరు వైపే, ఆ సంగతి నాకే గుర్తుండేది) నన్ను పిలిచి, "ఏమోయ్, నీకు త్రీడీ వచ్చంటున్నావుగా? ఈ బిల్డింగు లోపల మనిషి తిరిగినట్టు మూడు నిమిషాల వీడియో చేసి ఆదివారం పొద్దున్న పట్రా. బాగుంటే కుర్చీ నీది. లేదంటే ఇంకొకరున్నారు" అన్నారు. "చిటికెలో పని సార్" అన్నాను. ఆ ఇంకొకరు ఎవరని కూడా అడగలేదు.

ఇంటికొచ్చి చూస్తే చిటికె కాదు, వారం పట్టేలా ఉంది. అందుకని నా కంప్యూటర్‌ను దాని హద్దు దాటించి పరుగెత్తించాను. ఓవర్‌క్లాకింగ్ అంటారు. పరుగైతే తీసింది గానీ, పది నిమిషాలకల్లా ఒళ్లు కాలిపోయి దానంతటదే ఆగిపోయేది. అదృష్టం బాగుండి అది జనవరి. దోహాలో చలి వేస్తుందంటే మన ఊళ్లలో ఎవరూ నమ్మరు. నా గదిలో రెండో మంచం మనిషి చలికి వణుకుతూ ఇంటికి ఫోన్ చేస్తే, ఆయన భార్య "దుబాయిల సలేందయ్యా, తాగినవా?" అని అడిగింది. (వాళ్ల ఊళ్లో గల్ఫ్ దేశాలన్నీ దుబాయే.) ఆయన్ని అందరూ డక్టు మామ అనేవాళ్లు. జగిత్యాల దగ్గరి పల్లె. మా కంపెనీ వర్క్‌షాపులోనే ఇరవై ఏళ్లుగా రేకు కోసి, వంచి, డక్టులు చేస్తున్నాడు. నాకు చుట్టం కాదు, అయినా మామా అని పిలిచేవాణ్ణి.

మా గదిలో కిటికీ ఏసీ చెడిపోతే ఇంటి ఓనరు దాన్ని పీక్కుపోయి, వేసవికి కొత్తది పెడతానని చెప్పి ఆ కన్నానికి చెక్క బిగించాడు. నేను ఆ చెక్క ఊడదీసి కంప్యూటర్‌ను దాని ఎదురుగా పెట్టాను. చలిగాలి గదంతా తిరిగింది, కంప్యూటర్‌లోకి మాత్రం పోలేదు. మామ దుప్పట్లోంచి తల బయటపెట్టి కాసేపు చూశాడు.

"గట్ల వెడ్తె మనం సల్లవడ్తం గని అది సల్లవడది పిలగా. గాలికి తొవ్వ జెయ్యాలె. వర్క్‌షాపుల రేకు ముక్కలున్నయ్, ఫోర్‌మన్ నడిగి డక్టు జేస్కస్త. డ్రాయింగ్ గీసియ్యి."

డ్రాయింగు నేను నవ్వులాటకే గీశాను. కొలతలు వేసి, గాలి వచ్చే వైపు బాణం పెట్టి, కింద కుడిమూల ఆఫీసు పద్ధతిలో ఒక గడి గీసి, అందులో గీసినవాడు, సరిచూసినవాడు, ఆమోదించినవాడు అని రాసి మూడు చోట్లా నేనే సంతకం చేశాను. మామ నవ్వలేదు. కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, లైటు కిందకు తీసుకెళ్లి, గాలి లోపలికి వచ్చే చోట వేలు పెట్టి చివరిదాకా నడిపించాడు.

"ఫిల్టర్ గీయలే?"

"ఫిల్టర్ పెడితే గాలి తగ్గుతుంది మామా. ప్రెజర్ డ్రాప్ అంటారు దాన్ని" అన్నాను, వీలైనంత దయగా. (ఆఫీసులో నేను గీసే డక్టులన్నిటికీ గాలి లోపలికి వచ్చే చోట ఫిల్టర్ ఉండేది. ఎందుకని ఎప్పుడూ ఆలోచించలేదు. పాత డ్రాయింగులో ఉంది కాబట్టి కొత్తదాంట్లోనూ గీసేవాణ్ణి.) మామ కాగితం వైపు ఇంకోసారి చూసి, "సరే" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గురువారం సాయంత్రం కంపెనీ బస్సులో ఆ డక్టును ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అంత ముచ్చటైన డక్టు నేను అప్పటిదాకా చూడలేదు. రోజూ నేను గీసేవి ఇంత అందంగా తయారవుతాయని కూడా తెలియదు నాకు, వర్క్‌షాపులోకి ఒక్కసారైనా దిగితే కదా. గోడ కన్నానికీ కంప్యూటర్‌కీ మధ్య వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. అతుకులన్నిటికీ వెండిరంగు టేపు వేశాడు. మీట నొక్కగానే కంప్యూటర్ వేడి తొంభై నుంచి యాభైకి దిగింది. "యల్లా!" అన్నాడు మామ, ఇక పరుగెత్తు అన్నట్టు అరబ్బీలో. నేను ఆయన్ని కౌగిలించుకున్నాను.

ఇక్కడ సెలవు శుక్రవారం, ఆదివారం కాదు. మధ్యాహ్నానికి వీడియో సగం పైన తయారైంది. ఆ ధీమాతో, కంప్యూటర్‌ను నడుస్తుండగానే వదిలి, ఇద్దరం క్షవరానికి వెళ్లాం. నేను మంగలి కుర్చీలో ఉండగా ఉత్తరపు గాలి లేచింది. శమాల్ అంటారు ఇక్కడ. చూస్తుండగానే వీధి పసుపురంగుకు తిరిగింది, జనం ముక్కులకు రుమాళ్లు కట్టుకుంటున్నారు. "భలే గాలి మామా, ఇంకా చల్లబడుతుంది కంప్యూటరు!" అని నేను సంబరపడ్డాను. మామ అద్దంలోంచి నన్ను చూశాడు.

తిరిగొచ్చేసరికి గది శుభ్రంగా ఉంది. మంచాల మీద గానీ నేల మీద గానీ ఇసుక రేణువు లేదు. మామ పనితనం అలాంటిది, ఎక్కడా కారలేదు. బయటి దుమ్మంతా బుద్ధిగా డక్టులో నడిచి నేరుగా కంప్యూటర్‌లోకి వెళ్లింది. మూత తీస్తే లోపల చిన్న ఇసుకదిబ్బ, ఫ్యాను బిగుసుకుపోయి ఉంది, బోర్డు ఒక మూల నల్లగా మాడింది. హార్డ్ డిస్క్ ఒక్కటే బతికింది. నాకు ఏడుపొచ్చింది, ఏడవలేక మామ మీద పడ్డాను.

"ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నావు, నువ్వైనా చెప్పొచ్చుగా మామా!"

"అడిగిన గద పిలగా."

"ఒక్కసారి అడిగి ఊరుకుంటావా?"

"డ్రాయింగ్‌ల లేంది మేం పెట్టం. పెడితె పీకిపిస్తరు. ఒక్కపారి అడుగుతం, గంతే. సంతకం వెట్టినోనికి మనకన్న ఎక్వ ఎర్కుంటదనుకుంటం." బ్రష్షుతో ఇసుక ఊడుస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు, "ఇరువై ఏండ్ల సంది గట్లనే అనుకుంటున్న."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. సిగ్గుపడి, నేనూ ఒక గుడ్డ తీసుకుని ఆయన పక్కన కూర్చుని ఇసుక తుడిచాను.

ఆదివారం సగం వీడియోనే పట్టుకెళ్లాను. అది గుమ్మంలోంచి మొదలై, మెట్లెక్కి, వరండా అంతా నడిచి ఒక మూసిన తలుపు ముందు ఆగిపోయింది. "తలుపు తెరవవేమోయ్?" అన్నారు పెద్దసారు. "తెరుచుకోదు సార్" అని జరిగిందంతా చెప్పాను. పక్క గదుల వాళ్లు తొంగిచూసేలా నవ్వారు. నవ్వి, కళ్లు తుడుచుకుని, కుర్చీ ఆ ఇంకొకరికి ఇచ్చేశారు.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. ఉండేది దోహాలోనే అల్ అజీజియా వైపు, చేసేది వేరే కంపెనీలో డ్రాయింగులు ఆమోదించే ఉద్యోగం. సంతకం పెట్టేముందు కాగితం పట్టుకుని వర్క్‌షాపులోకి దిగి, "ఇందులో తప్పేముందో చెప్పండి" అంటాను. "మంచిగున్నది సార్" అంటారు. టీ తెప్పిస్తాను, వాళ్ల పక్కనే కూర్చుంటాను. రెండో టీకి గానీ ఎవరో ఒకరు గొంతు సవరించుకుని, "ఏమనుకోకుంటె ఒక మాట సార్" అనరు. పోయిన నెల అలాంటి ఒక మాటతో, నేను ఆమోదించబోయిన డ్రాయింగు మొత్తం మార్చాల్సి వచ్చింది. ఆ సంగతి, ఊళ్లో స్థిరపడిన మామకు ఫోన్ చేసి చెప్పాను.

"కోపం రాలే నీకు?" అన్నాడు.

"లేదు మామా."

"పెద్దోనివైనవు పిలగా" అన్నాడు. ఇరవై నాలుగేళ్లప్పుడు ఈ మాట ఎవరైనా అంటే, ఎప్పుడో అయ్యానని చెప్పి ఉండేవాణ్ణి. ఇప్పుడు మాత్రం నవ్వొచ్చి, "ఇప్పుడిప్పుడే మామా" అన్నాను.