ఫోటో అంచు అవతల

ఖతర్‌లో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో, ఉద్యోగాలకు వచ్చినవాళ్ళం కలిసి ఉండే విల్లాలో నా పక్క మంచం ఒక డ్రైవరుది. జగిత్యాల వైపు మనిషి. అతని ఖతరీ యజమానికి ఫోటోల పిచ్చి. ఒక శీతాకాలం సామాను మోయడానికి అతన్ని కూడా నార్వే ఉత్తర కొసకు తీసుకువెళ్ళాడు.

యజమాని ఇచ్చిన ఫోటోలు నాకు తరచూ చూపించేవాడు. మంచులో కొమ్ముల దుప్పులు, ఆకాశంలో పచ్చటి వెలుగు. అతని వేలు మాత్రం ఫోటో అంచు దాటి పరుపు మీద ఆగేది.

“నేను గీడ నిలబడ్డ, దొరా.” మా తాతగారికి ఏనుగు ఉండేదని చెప్పినప్పటి నుంచి అతనికి నేను దొరనే.

ఆ చలికి బ్యాటరీలు పనిచేయవట. కెమెరా బ్యాటరీలను కోటు లోపలి జేబుల్లో పెట్టుకుని, ఒంటి వేడితో కాపాడటం అతని డ్యూటీ. లోపల చోటు లేక సొంత ఫోను పైజేబులో వేసుకునేవాడు. తీసేసరికి అది ఆగిపోయి ఉండేది. అందుకే అతనున్న ఫోటో ఒక్కటీ లేదు.

ఒక శుక్రవారం భార్యతో మాట్లాడుతూ ఫోను నా వైపు చాచాడు.

అతని ఊరివాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. “దుబాయ్‌ల మంచేంది, ఏదో మాల్‌ల ఫోటోలని నవ్వుతది దొరా. మీరు పెద్దింటోళ్ళు. మీరొక్క మాట చెప్తే నమ్ముతది.”

“కళ్ళారా చూడనిదానికి సాక్ష్యం చెప్పే అలవాటు మా వంశంలో లేదు,” అన్నాను.

అతను ఫోను చెవికి ఆనించుకున్నాడు. “సార్ డ్యూటీకి పోయిండే,” అన్నాడు నెమ్మదిగా.

తర్వాత అతను ఊరికి అవతలి పేట అల్ ఘర్రాఫాకు మారిపోయాడు. మా తాతగారి ఏనుగును నేనూ చూడలేదు. దాని గురించి చెప్పిన ప్రతిసారీ అతను నమ్మేవాడు.