కప్పుకున్న కొంగు

రామగుండం స్టేషన్‌ బెంచీ మీద నా పక్కన ఒక పెద్దావిడ తల నిండా కొంగు కప్పుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. మా బొగ్గుబావుల కాలనీల్లో క్రైస్తవ స్త్రీలు ప్రార్థనకు అలాగే కప్పుకుంటారు. ఈమె కూడా ప్రార్థనలోనే ఉందనుకున్నాను.

కాసేపటికి కళ్లు తెరిచి, "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అంది.

క్యాన్సర్ మందుల మీద పరిశోధన అన్నాను. అడగకపోయినా, డీఎన్ఏ ఇదే అనుకొమ్మని నా జడను గుప్పిట్లో బిగించి చూపించాను.

"ప్లాటినం మందు గిట్ల పట్టుకుంటదవ్వా. ఇగ ఆ కణం చచ్చుడే. మంచి కణాలు గూడ కొన్ని పోతయనుకో, అది మామూలే."

ఆమె కొంగు కొద్దిగా వెనక్కి జరిపింది. తల మీద ఒక్క వెంట్రుక లేదు.

"నాకు గూడ గా మందే ఎక్కిస్తున్నరు."

సిగ్గుతో తల దించుకున్నాను. చెయ్యి మాత్రం జడ మీదే బిగుసుకుపోయింది.

ఆమె మెల్లగా నా వేళ్లు విప్పింది.

"ఇడిసిపెట్టు బిడ్డా, నొస్తది."